సీసపు బిళ్ళ

తెల్లవారుజామున లేచి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, పొడవాటి కర్ర చివర పళ్ళెం వంటిదొకటి నేలకు ఆనీ ఆనకుండా ఊపుకుంటూ, పరాయివాళ్ళ పొలంలో తలవంచుకొని నడిచే మనుషులను ఎప్పుడైనా చూశారా? చూడకపోతే నష్టమేమీ లేదు. అంత చూడముచ్చటైన దృశ్యం కాదది. ఇంగ్లండు తూర్పుతీరాన ఉన్న సఫోక్ జిల్లాలో అటువంటివారు చాలామందే ఉన్నారు. ఉద్యోగరీత్యా 2006లో ఇక్కడికి చేరిన నేను, 2015 నుండి వారిలో ఒకణ్ణి. నా శ్రీమతి దీనికి ‘మట్టిపిచ్చి’ అని పేరు పెట్టింది. బీబీసీవారు ఈ పిచ్చి మీదనే ‘డిటెక్టరిస్ట్స్’ అని ఒక హాస్యధారావాహికను 2014లో మొదలుపెట్టారు. దాన్ని చాలావరకు మా సఫోక్‌లోనే తీశారు. అది చూసి నవ్వుకుంటూనే నేను ఒక యంత్రం కొన్నాను.

ఆ యంత్రం పేరు మెటల్ డిటెక్టరు. నా మట్టుకు నేను ‘లోహశోధిని’ అని పిలుచుకుంటున్నాను. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెబితే సంతోషంగా మార్చుకుంటాను. దాని పనితీరు పెద్ద రహస్యమేమీ కాదు. పళ్ళెంలో ఉన్న తీగచుట్ట నేలలోకి క్షణానికి కొన్నివేల మార్లు దిశ మార్చుకునే అయస్కాంతక్షేత్రాన్ని పంపుతుంది. దారిలో లోహం తగిలితే ఆ లోహంలో చిన్న విద్యుత్తు సుడులు పుడతాయి. ఆ సుడులు తమవైన క్షేత్రాన్ని తిరిగి పైకి పంపుతాయి. అది ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదాన్ని బట్టి ఇనుమా, రాగా, వెండా అని యంత్రం ఊహిస్తుంది. అది ఊహ మాత్రమేనని గుర్తుంచుకోవాలి. చిన్న బంగారపు తునకా, కూల్‌డ్రింకు డబ్బాకుండే అల్యూమినియం రింగూ దాదాపు ఒకే గొంతుతో పలుకుతాయి. అందువల్ల ఆశ ఉన్నవాడు ప్రతి డబ్బా రింగునూ తవ్వి తీయవలసిందే. కొండను తవ్వి ఎలుకను పట్టడమన్న సామెత మనవాళ్ళు ఎవర్ని చూసి కట్టారో గాని, నాకు ఆదివారాలన్నీ ఎలుకలే.

ఎలుకల్లో ముఖ్యమైనది సీసం. తుపాకి గుండ్లు, పాత కిటికీ అద్దాలను పట్టి ఉంచిన సీసపు బద్దలు, ఒకప్పుడు బట్టల బేళ్ళకు వేసిన సీసపు ముద్రలు, ఎక్కడివో తెలియని ఆకారం లేని ముద్దలు. ఇక్కడి నా తోటివాళ్ళు సీసం దొరికితే విసుక్కొని సంచి అడుగున పడేస్తారు. నేను మాత్రం ప్రతి సీసపు ముక్కనూ అటూ ఇటూ తిప్పి, వేలితో తుడిచి, వెలుతురులోకి పట్టుకొని చూస్తాను. ఎందుకని ఒకాయన అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ కారణం ఇంగ్లీషులో చెప్పగలిగినది కాదు.

మాది అమరావతికి ఎగువన, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊరు. నాగార్జునసాగరం కాలువలకు 1967లో నీళ్ళు వదిలిన తరువాత, మెట్టచేలన్నీ మాగాణి చేసుకోవాలని మా వైపు రైతులు ఎత్తుపల్లాలు చదును చేయించుకోసాగారు. మా తాతయ్యకు రెండెకరాల మెరకచేను ఉండేది. దాన్ని ‘పాటిదిబ్బ’ అనేవారు. పాడుపడ్డ ఊళ్ళ మట్టిని పాటిమన్ను అనీ, అది చేలకు ఎరువుగా పనికివస్తుందనీ అక్కడి రైతులందరికీ తెలుసు. అక్కడ ఒకప్పుడు ఊరుండేదన్నమాట ఆ పేరులోనే ఉంది. మట్టి తీస్తుండగా ఒక సాయంత్రం పలుగుకు ఖణేలుమని కుండ తగిలింది.

ఆ తరువాతి కథను నాయనమ్మ ఎన్నిమార్లు చెప్పిందో లెక్కలేదు. తాతయ్య ముఖం ఎర్రబడిందట. కూలీలకు పూర్తి కూలి ఇచ్చి, పొద్దు గుంకకముందే పంపేశాడట. చీకటి పడ్డాక లాంతరు తీసుకొని, నాన్నను (అప్పటికి పదిహేనేళ్ళవాడు) వెంటబెట్టుకొని వెళ్ళాడు. లంకెబిందెలకు పాము కాపలా ఉంటుందని నాయనమ్మ ఒక కొబ్బరికాయ, పసుపు, కుంకుమ ఇచ్చి పంపింది. ‘ఒక బిందె దొరికితే రెండోది పక్కనే ఉంటుంది, గొలుసు తెగకుండా చూడండి’ అని గుమ్మందాకా వచ్చి చెప్పిందట. వీళ్ళు కొబ్బరికాయ కొట్టి, కుండ పగలగొట్టారు. లోపలివన్నీ బూడిదరంగు బిళ్ళలు. మోయలేనంత బరువు. వెండి నల్లబడి ఉంటుందని తాతయ్య ఆశ. మరునాడు కంసాలి ఒక బిళ్ళను గోటితో గీరి, ‘సీసమండీ’ అని చెప్పి నవ్వు ఆపుకున్నాడట.

సీసం ఎవరికి పనికివస్తుంది? ఏటి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళకు పనికివస్తుంది. కుండెడు బిళ్ళలూ కరిగి వలలకు కట్టే గుళ్ళయ్యాయి. బదులుగా రెండు వారాలపాటు మా ఇంటికి చేపలు వచ్చాయి. ‘మా ఆయనకు దొరికిన నిధి మేమంతా పులుసు పెట్టుకొని తిన్నాం’ అని నాయనమ్మ కథ ముగించేది. అందరూ నవ్వేవారు. తాతయ్య కూడా.

ఒకే ఒక్క బిళ్ళ మిగిలింది. నాయనమ్మ దాన్ని వక్కల పెట్టెలో ఉంచుకొని అష్టాచెమ్మ ఆడేటప్పుడు కాయగా వాడేది. నాకు బాగా గుర్తు: ఒక పక్క ఏనుగు. తొండం పైకెత్తినట్టు లీలగా కనబడేది. రెండోపక్క ఒక కూడిక గుర్తు, దాని నాలుగు చివరలా నాలుగు గుండ్రాలు. 1989లో, నాకు పదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో గాలం వేయబోతూ బరువు చాలదని ఆ బిళ్ళకు మేకుతో బెజ్జం పెట్టి దారానికి కట్టాను. మూడోసారి విసిరినప్పుడు దారం తెగింది. నాయనమ్మ తిట్టలేదు. ‘పోనీలేరా, వాటివన్నీ అక్కడికే పోయాయిగా’ అంది.

ఆ గుర్తు ఏమిటో నాకు తెలిసింది ఇరవై ఏళ్ళకు పైగా గడిచాక. లండనులో పాతపుస్తకాల అంగడిలో నిలబడి, ప్రాచీన భారతదేశపు నాణేల పుస్తకం ఒకటి తిరగేస్తుంటే కనబడింది. కూడిక గుర్తు, నాలుగు గుండ్రాలు. ఉజ్జయినీ చిహ్నమట. శాతవాహన నాణేలలో ఎన్నిటి మీదనో అది ఉంటుంది. కృష్ణా గోదావరుల మధ్య వాళ్ళు సీసంతో నాణేలు విరివిగా పోయించారు. పేజీ తిప్పితే ఏనుగు. నేను అంగడిలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు గాని, యజమాని వచ్చి ఏమైనా సాయం కావాలా అని రెండుసార్లు అడిగాడు.

ఇక యంత్రం కొన్నాక జరిగినది చెప్పాలి. ఈ దేశంలో పొలం యజమాని అనుమతి లేకుండా ఈ పని చేయరాదు. రక్షిత స్థలాలలో అసలే చేయరాదు. 1996లో చేసిన నిధుల చట్టం ప్రకారం, మూడు వందల ఏళ్ళకు పైబడిన బంగారు, వెండి వస్తువులు దొరికితే పద్నాలుగు రోజులలోగా కరోనర్ అనే అధికారికి తెలియజేయాలి. వెండి, బంగారం బొత్తిగా తక్కువున్న నాణేలయితే ఒకేచోట కనీసం పది దొరికినప్పుడు నిధి కిందికి వస్తాయి. మ్యూజియం తీసుకుంటే విలువ కట్టి ఇస్తారు. అది సాధారణంగా దొరికించుకున్నవాడికీ భూమి యజమానికీ చెరిసగం. చట్టం పట్టించుకోని చిన్నచిన్న వస్తువులను కూడా స్వచ్ఛందంగా చూపి నమోదు చేయించుకోవడానికి 1997లో ఒక పథకం మొదలుపెట్టారు. ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు అందులో చేరాయి. ఒక్కొక్క జిల్లాకు ఒక అధికారి ఉంటారు, వారి బల్ల మీదికి జనం అగ్గిపెట్టెల్లో, రుమాళ్ళలో మూటకట్టి తెచ్చి పోస్తారు.

నేనూ ఒకసారి పట్టుకెళ్ళాను. నా మొదటి గొప్ప వస్తువు: రోమను కాలపు కంచు పిన్ను, దుప్పటి భుజం దగ్గర పట్టి ఉంచడానికి పెట్టుకునేది. దొరికినప్పుడు దట్టమైన ఆకుపచ్చ పొర పట్టి ఉంది. ఇత్తడి బిందెలు తోమినట్టుగా చింతపండు పెట్టి శుభ్రంగా తోమాను. తళతళ మెరిసింది. ఎంత గర్వంగా పట్టుకెళ్ళానో చెప్పలేను. ఆ అధికారిణి నా చేతిలోని పిన్నును చూసి కొంతసేపు మాట్లాడలేదు. ఆ ఆకుపచ్చ పొరే పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ళుగా దాన్ని కాపాడిందనీ, అందులోనే అసలు ఉపరితలం నిలిచి ఉంటుందనీ మెల్లగా చెప్పింది. తరువాత ఒక పటం పరిచి ఎక్కడ దొరికిందని అడిగింది. నేను పొలం పేరు చెప్పాను.

‘పొలంలో ఎక్కడ?’

ముప్పై ఎకరాల పొలం అది. నాకు తెలియదు. ఆ రోజు వాన పడుతోందని గుర్తుంది, నా బూటులోకి నీళ్ళు వెళ్ళాయని గుర్తుంది. చోటు గుర్తులేదు. ఆవిడ పెన్సిలు పటం మీద అలాగే ఆగిపోయింది. ఆ పెన్సిలును చూస్తుంటే నాకు ఎందుకో మా తాతయ్య లాంతరు గుర్తుకొచ్చింది. తాతయ్యకు చదువు లేదు, ఆ బిళ్ళలేమిటో చెప్పేవారు లేరు. నాకు ఇద్దరూ ఉండి కూడా నేను చేసిన పని ఏమంత భిన్నం? ఆయన కరిగించాడు, నేను చింతపండుతో తోమాను.

అప్పటినుండి ఈ పనిలో పేరుపడ్డ కథలను వేరే దృష్టితో చదవడం మొదలుపెట్టాను. 1992 నవంబరులో మా సఫోక్‌లోనే, హాక్స్‌న్ అనే ఊళ్ళో ఎరిక్ లాస్ అనే ఆయన, పొలంలో రైతు పోగొట్టుకున్న సుత్తిని వెతకడానికి యంత్రం పట్టుకొని బయలుదేరాడు. సుత్తి దొరికింది. దానికి ముందు రోమనుల కాలపు బంగారు, వెండి నాణేలు సుమారు 15,000, వాటితోపాటు నగలు, వెండి గరిటెలు దొరికాయి. (సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం సొత్తే.) కొంత తవ్వాక ఆయన తన చేతులను ఆపుకున్నాడు. కబురు పెడితే మరునాడు పురావస్తుశాఖవారు వచ్చారు. కుళ్ళి మట్టయిపోయిన కర్రపెట్టె ఆనవాళ్ళను కూడా పట్టుకోగలిగారు, లోపల ఏ వస్తువు ఏ మూల సర్దారో తెలిసింది. ఆ నిధిలో వెండి మిరియాల బుడ్లు నాలుగున్నాయి. అందులో ఒకటి రాజసం ఉట్టిపడే స్త్రీ ప్రతిమ. ఆ కాలపు మిరియాలు మన దక్షిణదేశం నుండి ఓడలెక్కి రోమనుల వంటిళ్ళకు చేరినవి. వాటికోసం వాళ్ళు పంపిన వెండి నాణేలు నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో కూడా కుండలో దొరికాయి. గరిటె ఇక్కడా డబ్బు అక్కడా!

అంతకంటె నాకు నచ్చిన కథ ఫ్రోమ్‌ది. సోమర్‌సెట్ జిల్లాలో 2010 ఏప్రిల్‌లో డేవ్ క్రిస్ప్ అనే ఆయనకు నేలలో కుండ మూతి తగిలింది. నాణేలు కనబడుతున్నాయి. ఆయన తవ్వడం ఆపి, మట్టి కప్పి, ఇంటికి వెళ్ళిపోయాడు. ఎందరు చేయగలరు ఆ పని? నేనైతే ఆ రాత్రి నిద్రపోగలిగేవాణ్ణి కాదు. పురావస్తు నిపుణులు వచ్చి కుండలోని నాణేలను పొరలుపొరలుగా, ఏ పొర ఏదో రాసుకుంటూ తీశారు. మొత్తం 52,503 నాణేలు, సుమారు 160 కిలోలు. పొరలు రాసుకోవడం వల్ల ఒక విచిత్రం బయటపడింది. అన్నిటికంటె ఆఖరి కాలానికి చెందిన కరోసియస్ నాణేలు కుండలో పైన లేవు, ఎక్కువ భాగం సగానికి దిగువన ఉన్నాయి. అంటే ఏళ్ళతరబడి దాచుకుంటూ వచ్చిన హుండీ కాదది, ఒకేసారి కుండను నేలలో నిలిపి సంచులతో గుమ్మరించారు. పైగా నిండిన కుండను ఎత్తబోతే పగిలిపోతుంది. మళ్ళీ తీసుకునే ఉద్దేశం ఉన్నవాడు అలా పాతడు. దేవతలకు ముడుపు కట్టారేమోనని కొందరు పండితుల ఊహ. బకెట్లతో తోడేసి ఉంటే 52,503 అనే అంకె మాత్రం మిగిలేది.

తోడేసినవాళ్ళూ ఉన్నారు. 2015లో హియర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరికి ఆంగ్లో శాక్సన్, వైకింగు కాలాల నిధి దొరికింది. చెప్పకుండా దాచి అమ్ముకోబోయారు. సుమారు 300 నాణేలు ఉండి ఉంటాయని అంచనా, చేతికి వచ్చినవి 31 మాత్రమే. 2019లో ఇద్దరికీ జైలుశిక్ష పడింది. దొరికిన ఆ కాసిని నాణేలలోనే, చరిత్రకారులు కీలుబొమ్మగా తీసిపారేసిన ఒక మెర్సియా రాజు, వెస్సెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్‌తో సమానంగా పక్కపక్కన కూర్చొని ఉన్న బొమ్మ ఉంది. మిగిలిన నాణేలు ఏం చెప్పేవో ఊహించుకోవలసిందే. రాత్రిళ్ళు దొంగచాటుగా పొలాల్లో దిగేవాళ్ళను ఇక్కడ ‘రాత్రి గద్దలు’ అంటారు.

మనకూ గద్దలు ఉన్నాయి. గుప్తనిధుల పేరున గుళ్ళలో నందిని పెకలించినవాళ్ళు, శివలింగం కింద గొయ్యి తీసినవాళ్ళు, తమలపాకు మీద అంజనం వేసి చోటు చెప్పేవాళ్ళు. ఇప్పుడు అంజనంతోపాటు ఈ యంత్రం కూడా వాళ్ళ చేతుల్లోకి వచ్చింది. పత్రికల్లో ఆ వార్త చూసినప్పుడల్లా నా యంత్రాన్ని దుప్పటి కప్పి దాచాలనిపిస్తుంది. మన చట్టం 1878 నాటిది. నేలలో దాగి ఉన్నది పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు చెప్పాలంటుంది. మా తాతయ్య ఆ చట్టం పేరైనా వినలేదు. వింటే, సీసం పది రూపాయలు మించుతుందా అని కంసాలినే మళ్ళీ అడిగి ఉండేవాడు.

నిజానికి మనకు యంత్రాలు లేకుండానే ఎన్ని దొరికాయి! గోదావరి ఒడ్డున కోటిలింగాలలో, శాతవాహన వంశానికి మొదటివాడని చెప్పే సిముకుడి పేరున్న నాణేలు పొలాల్లో, ఏటి ఒడ్డున ఏరుకోగా దొరికినవే. ఎవరో ఓపికగా ఏరి, దాచి, చదవగలిగినవారికి చూపించారు. అక్కడ దొరికాయన్నది తెలియడం వల్లనే ఆ వంశం తొలినాళ్ళ గురించి పండితులు మళ్ళీ వాదించుకోవలసి వచ్చింది. అవే నాణేలు చిరునామా లేకుండా ఏదో అంగట్లో తేలి ఉంటే వాదానికి పనికివచ్చేవి కావు. మా పాటిదిబ్బ కుండలో ఏముందో, ఎవరి పేరుందో, ఒక్క బిళ్ళ మీద అక్షరాలున్నాయో లేదో నాన్నకు గుర్తులేదు. లాంతరు వెలుతురులో ఎవరు చదువుతారు?

లండను వెళ్ళినప్పుడల్లా బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాల గది దగ్గర కాసేపు ఆగుతాను. మా ఊరికి కూతవేటు దూరంలోని రాళ్ళు. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిలో పట్టణం కట్టించేటప్పుడు, దీపాలదిన్నెను తవ్వి ఇటుకలూ రాళ్ళూ వాడుకున్నారు. కాలిన్ మెకంజీ ఒకసారి చూసి వెళ్ళి, 1816లో మళ్ళీ వచ్చేసరికి చాలాభాగం పోయింది. అయితే ఆయన బృందం కూర్చొని మిగిలినవాటి బొమ్మలు గీసింది, కొలతలు వేసింది. తరువాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసులో ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో లండనుకు ఓడెక్కాయి. ఏ రాయి ఎక్కడ నిలిచేదో పండితులు ఇవాళ కొంతైనా చెప్పగలుగుతున్నారంటే దానికి మెకంజీ మనుషుల కాగితాలు ముఖ్యమైన ఆధారం. తీసుకుపోయినవాళ్ళ మీద నాకు కోపం లేదని కాదు. కాని ఆ కాగితాల ముందు ఆ కోపం పూర్తిగా నిలబడదు. మా ఇంట్లో కాగితమే లేదు గదా.

2021 అక్టోబరులో, గోధుమ కోసి దున్నిన పొలంలో, నా వంతు వచ్చింది. చిన్న గుండ్రని రాగి నాణెం, మొహంపై సూర్యకిరణాల వంటి కిరీటం. మూడో శతాబ్దపు చిల్లర. ఇక్కడ తరచుగా దొరికేదే. అరగజం దూరంలో ఇంకొకటి. మళ్ళీ యంత్రం ఊపితే ఒక్కచోటనే పెద్దగా, వెడల్పుగా మోగింది. మోకాళ్ళ మీద కూర్చొని చేత్తో మట్టి తీశాను. బూడిదరంగు కుండపెంకు, దాని అంచు వంగి ఉంది. నాగలి పైభాగాన్ని ఎప్పుడో కోసుకుపోయింది, కిందిది నిలిచి ఉంది. లోపల రెండు మూడు నాణేలు ఒకదానికొకటి అంటుకొని పచ్చగా కనబడుతున్నాయి.

ఒప్పుకోవాలి, నా వేళ్ళు అప్పటికే లోపల ఉన్నాయి. మూడో నాణేన్ని పట్టుకున్నాను కూడా. అది రాలేదు, అంటుకుపోయి ఉంది. ఒక్క గుంజు గుంజితే వచ్చేది. పొలంలో ఎవరూ లేరు. నాకు అప్పుడు ఫ్రోమ్ గుర్తుకు రాలేదు, చట్టం గుర్తుకు రాలేదు. కుండ పగిలిన చప్పుడు వినబడింది. అది నేను వినలేదు, నాకప్పటికి పుట్టుకే లేదు. నాయనమ్మ చెప్పగా విన్నది. చేయి బయటికి తీశాను.

గుంట మీద నా కోటు కప్పి, పొలం యజమానికి ఫోను చేశాను. డెబ్బై ఏళ్ళు దాటిన ఆయన ట్రాక్టరులో వచ్చి, చూసి, ‘ఎంత విలువ చేస్తుంది?’ అని అడిగాడు. ఎక్కువ చేయదని చెప్పాను. ‘మరి ఎందుకు వణుకుతున్నావు?’ అన్నాడు. అధికారిణికి చెప్పాము. మట్టి కప్పేసి, ట్రాక్టరును కాస్త పక్కగా నిలిపి ఇళ్ళకు వెళ్ళాము. ఆ రాత్రి పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి కారులో వెళ్ళి చూసి వచ్చాను. రెండోసారి వెళ్ళినప్పుడు ముసలాయన ట్రాక్టరులో కూర్చొని ఫ్లాస్కులోంచి టీ తాగుతున్నాడు.

నాణేలు మొత్తం ఇరవై ఏడు. గాల్ దేశాన్ని ఏలిన టెట్రికస్ కాలం దాకా ఉన్నాయి, అంటే 270ల నాటివి. వెండి లేదనే చెప్పాలి. వచ్చినవాళ్ళు నాణేలకంటె ఎక్కువసేపు కుండ చుట్టూ మట్టిని గీకుతూ కూర్చున్నారు. మట్టి రంగు మారినచోట్ల చిన్న జెండాలు గుచ్చారు. గుంజలు పాతిన గుంటలు వరుసగా నాలుగు, కాలిన మట్టి ఉన్న పొయ్యి చోటు ఒకటి. కుండను ఆరుబయట పాతలేదు, ఇంటి లోపల, గోడవారన పాతిపెట్టారు. అక్కడ ఇల్లుండేదని అంతవరకు ఎవరికీ తెలియదు. ముసలాయన ఆ పొలాన్ని యాభై ఏళ్ళుగా దున్నుతున్నాడు. ఆ పొయ్యి ముందు నిలబడి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయన్ను అడగలేదు.

ఆ వారం నాన్నకు ఫోనులో ఈ సంగతంతా చెప్పాను.

‘బంగారమా?’ అన్నారు.

‘కాదు నాన్నా, రాగి. నువ్వూ తాతయ్యా తీసినదానికంటె కాస్త నయం.’

ఆయన నవ్వలేదు. కాసేపాగి, ‘ఇంతకీ వాళ్ళు నిన్ను చోటు అడిగారా?’ అన్నారు.

‘అన్నిటికంటె ముందు అదే అడిగారు.’

‘మన కుండ చోటు నాకు తెలుసురా’ అన్నారు నాన్న. ‘దిబ్బ లేదనుకో, అంతా చదునే. కాని బావిగట్టు ఉంది. గట్టు మీద నిలబడి తుమ్మచెట్టు కేసి చూస్తే ముప్పై రెండడుగులు. ఆ రాత్రి భయమేసి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. వెనక్కి పరుగెత్తవలసి వస్తే ఎంత దూరమో తెలియాలి గదా, పాము వస్తే.’

యాభై మూడేళ్ళు ఆ అంకెను ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ చేను ఇప్పుడు మాది కాదు, నాన్న మోకాళ్ళు బాగా లేవు. అయినా కొన్నవాళ్ళను అడిగి, ఒక ఆదివారం పొద్దున చెప్పులు విడిచి, చేతిలో ఫోను పట్టుకొని నడిచారు. నేను ఇక్కడ తెల్లవారుజామున తెర మీద చూస్తున్నాను. బావిగట్టు, మొద్దు మాత్రమే మిగిలిన తుమ్మ, పసుపుపచ్చగా మిరపకు పట్టిన తెగులు. ఆయన పైకే లెక్కపెడుతున్నారు. పదిహేనేళ్ళ కుర్రవాడి అడుగుకూ ఇప్పటి అడుగుకూ తేడా ఉంటుందని ఇరవై దాటాక గుర్తొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, కాస్త పెద్ద అడుగులు వేస్తూ మొదలుపెట్టారు. ముప్పై రెండు దగ్గర ఆగి, ‘ఇక్కడ. ఒక గజం అటూ ఇటూ’ అన్నారు.

‘కదలకు నాన్నా’ అని, ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు చదవమన్నాను. అంకెలు ఒక్కొక్కటే చదివారు. నేను ఇంగ్లండులో దొరికినవన్నీ రాసుకునే పుస్తకంలో కొత్త పేజీ తీశాను. దొరికిన చోటు దగ్గర ఆ అంకెలు వేశాను. తేదీ దగ్గర 1968, ఎండాకాలం. లోతు, నడుములోతు, నాన్న చెప్పినది. వస్తువు, సీసపు నాణేలు, కుండెడు; ఒకదాని మీద ఏనుగు, రెండోవైపు నాలుగు గుండ్రాల గుర్తు. దొరికించుకున్నవారి పేరు దగ్గర తాతయ్య పేరు రాశాను. చివరి గడి, ఇప్పుడు వస్తువు ఎక్కడ ఉన్నదన్నది.

కృష్ణలో, అని రాశాను.